అడవి బడి: చిన్నపిల్లల ఆరుబయటి చదువు, ఆట

మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు ఏ కాలంలోనైనా పూటంతా చెట్ల మధ్యే గడిపే పూర్వ ప్రాథమిక బడిని అడవి బడి అంటారు. దీనికి తరగతి గది ఉండదు. గంట కొట్టరు. రంగుల చార్టులు, ప్లాస్టిక్ బొమ్మలు దాదాపుగా కనబడవు. వాన పడుతున్నా, మంచు కురుస్తున్నా పిల్లలు బయటే ఆడతారు, బయటే తింటారు, కథ కూడా బయటే వింటారు. డెన్మార్క్, స్వీడన్, నార్వే, జర్మనీ దేశాల్లో వేళ్లూనుకున్న ఈ పద్ధతి గత ముప్ఫై ఏళ్లలో బ్రిటన్, అమెరికా, జపాన్, దక్షిణ కొరియాలకు పాకింది. ఒక్క జర్మనీలోనే ఇలాంటి బడులు 1,500కు పైగా ఉన్నాయి.

వారానికోసారి పార్కుకు తీసుకెళ్లే బడికి ఈ పేరు చెల్లదు. పూర్తి అడవి బడిలో అడవే రోజూ ఉండే చోటు. జర్మనీ, స్కాట్లండ్‌లలో కొన్ని మామూలు నర్సరీలు సగం రోజు లోపల, సగం రోజు అడవిలో బడి నడుపుతాయి. ఇంగ్లండ్‌లో ఎక్కువగా కనిపించే రకంలో మామూలు బడి పిల్లలే వారానికో పూట, కొన్ని నెలలపాటు, ఒకే అడవికి వెళ్లి వస్తుంటారు. ఈ మూడింటికీ పోలికలున్నా పిల్లల మీద వాటి ప్రభావం ఒకటి కాదు. రోజూ అదే చోటికి వెళ్లే పిల్లవాడికి ఆ చోటు సొంతమవుతుంది. ఫలానా మొద్దు కింద నిన్న ఉన్న నత్త ఇవాళ ఉందా లేదా అని చూసుకోవడం వారానికోసారి వెళ్లేవాడికి కుదరదు.

ఒక పూట

జర్మనీలో మామూలు అడవి బడి ఉదయం ఎనిమిది, ఎనిమిదిన్నర ప్రాంతంలో అడవి అంచున మొదలవుతుంది. తల్లిదండ్రులు పిల్లల్ని కాలిబాట మొదట్లో దింపి వెళ్తారు. అక్కడో చక్రాల బండి గది ఉంటుంది. ఒకప్పుడు రోడ్డు పనివాళ్లు సామాన్లు పెట్టుకుని తలదాచుకున్న బండ్లు అవి. లోపల కట్టెల పొయ్యి, మార్చుకోడానికి పొడి బట్టలు, పనిముట్ల పెట్టె ఉంటాయి. మరీ చలిగా ఉన్న రోజున కాసేపు ఒళ్లు కాచుకోడానికి తప్ప దాన్ని పెద్దగా వాడరు.

ప్రతి పిల్లవాడి వీపునా చిన్న సంచి. అందులో తిండి డబ్బా, వేడి పానీయం పోసిన ఫ్లాస్కు, తడి నేల మీద వేసుకుని కూర్చునే మెత్త ఉంటాయి. చలికాలంలో ఒంటి మీద ఉన్ని బనీను, దాని పైన స్వెట్టరు, ఆ పైన నీరు దిగని ప్యాంటు, కోటు, కాళ్లకు గమ్‌బూట్లు. ఈ బట్టలకయ్యే ఖర్చు తక్కువేమీ కాదు. పిల్లలు ఏడాదిలోనే ఎదిగిపోతారు కాబట్టి ఒక ఇంటి పిల్లలకు చిన్నవైపోయినవి ఇంకో ఇంటికి చేరుతుంటాయి.

మొదట అందరూ చుట్టూ నిలబడతారు. ఒక పిల్ల వేలితో చూపిస్తూ తలలు లెక్కపెడుతుంది. నిన్న పదహారు మంది, ఇవాళ పద్నాలుగు. రాని ఇద్దరూ ఎవరు, ఎందుకు రాలేదు అన్నది అందరూ కలిసి తేలుస్తారు. ఇవాళ ఎటు వెళ్లాలో కూడా పిల్లలే చెబుతారు. అడవిలో వాళ్లకు తెలిసిన చోట్లు నాలుగైదు ఉంటాయి, వాటికి పేర్లు పెట్టిందీ వాళ్లే. నడక మొదలయ్యాక ముందు పరిగెత్తేవాళ్లు ముందుంటారు, ప్రతి పుట్ట దగ్గరా ఆగేవాళ్లు వెనకబడతారు. దారిలో ఆగాల్సిన చెట్లు ఫలానా అని అందరికీ తెలుసు. ముందు చేరినవాళ్లు అక్కడ నిలబడి, చివరివాళ్లు వచ్చాకే కదలాలి. చేతులు పట్టుకుని వరసలో నడిపించడం కంటే ఈ ఒక్క నియమం ఎక్కువ పని చేస్తుంది.

చేరుకున్నాక డబ్బాలో తెచ్చిన నీళ్లతో చేతులు కడుక్కుని తింటారు. ఆ తర్వాత గంటన్నర, రెండు గంటలు పిల్లల ఇష్టం. రోజు మొత్తంలో అసలు చదువు సాగేది అప్పుడే. జనవరిలో గుంటలో నీళ్లు గడ్డకట్టి ఉంటే, ఒకడు పుల్లతో అంచు లేపి అద్దంలాంటి మంచు పలకను రెండు చేతుల్తో పైకి తీస్తాడు. లోపల ఆకు ఇరుక్కుని ఉంటుంది. దాన్ని ఎండకు ఎత్తి చూసే ఆత్రంలో చెయ్యి జారి పలక రెండు ముక్కలవుతుంది. ఇప్పుడు తన దగ్గరున్నవి రెండు మంచు పలకలని వాడంటాడు. కాదు, ఒకటే విరిగిందని పక్కనున్న పిల్ల అంటుంది. పెద్దావిడ వింటూనే ఉంటుంది గానీ తీర్పు చెప్పదు. కాసేపట్లో ఆ ముక్కలు చేతి వేడికి కరిగి చుక్కలవుతాయి. దాంతో వాదన కొత్త దారి పడుతుంది.

పన్నెండు, ఒంటిగంట మధ్య కథ విని వెనక్కి బయలుదేరతారు. చాలా అడవి బడులు ఒంటిపూట బడులే.

పుట్టుక

చిన్నపిల్లల బడికి తోట పేరు పెట్టిన ఫ్రెడరిక్ ఫ్రోబెల్ (1782–1852) చిన్నతనంలో అటవీ ఉద్యోగి దగ్గర పని నేర్చుకోడానికి చేరినవాడు. తురింజియా అడవుల్లో గడిపిన ఆ రెండేళ్లూ ఆయన ఆలోచనలకు పునాది వేశాయి. 1837లో బాడ్ బ్లాంకెన్‌బుర్గ్ ఊళ్లో ఆయన మొదలుపెట్టిన సంస్థకు 1840లో కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. అక్కడ ప్రతి పిల్లవాడికీ తవ్వి విత్తుకోడానికి సొంతంగా ఓ మడి ఉండేది. ఈ బడులు నాస్తికత్వం, సోషలిజం నేర్పుతున్నాయని అనుమానించి 1851లో ప్రష్యా ప్రభుత్వం వాటిని నిషేధించింది. 1860లో నిషేధం ఎత్తేసే నాటికి ఫ్రోబెల్ లేడు. ప్రపంచమంతా పాకిన కిండర్‌గార్టెన్లలో మాత్రం మడి పోయి బల్ల మిగిలింది. అడవి బడి ఒక రకంగా ఆ మడిని తిరిగి అడగడమే.

క్షయ భయం నుంచి ఇంకో పాయ పుట్టింది. 1904లో బెర్లిన్ పక్కనే ఉన్న షార్లొటెన్‌బుర్గ్‌లో, పైన్ చెట్ల మధ్య, బలహీనంగా ఉన్న బడి పిల్లల కోసం ఆరుబయటి పాఠశాల తెరిచారు. లండన్‌లో డెట్‌ఫర్డ్ మురికివాడలో మార్గరెట్ మెక్‌మిలన్, రేచెల్ మెక్‌మిలన్ అనే అక్కచెల్లెళ్లు 1914లో ఆరుబయటి నర్సరీ పెట్టారు. ఒకవైపు గోడ లేని చావిళ్లు, వాటి ముందు తోట. పిల్లలకు స్నానం చేయించి, కడుపునిండా పెట్టి, తోటలోకి వదిలేవారు. ఆరోగ్యం, ఆట, చదువు ఒకదాన్నొకటి విడిచి ఉండవని అంత పేదల మధ్య చేసి చూపించినవాళ్లు తక్కువ. రేచెల్ 1917లో చనిపోయాక కూడా మార్గరెట్ ఆ పని విడవలేదు.

నేటి అడవి బడికి నేరుగా తల్లివేరు డెన్మార్క్‌లో ఉంది. 1950ల తొలినాళ్లలో కోపెన్‌హేగన్‌కు ఉత్తరంగా ఉన్న సొల్లెరొడ్‌లో ఎల్లా ఫ్లాటౌ అనే తల్లి రోజూ తన పిల్లల్ని అడవికి తీసుకెళ్లేది. ఇరుగుపొరుగు పిల్లలూ వెంటబడ్డారు. ఆ పిల్లల తల్లిదండ్రులే కలిసి దాన్ని ఓ బడిగా మార్చుకున్నారు. ప్రభుత్వ పథకం, విద్యావేత్తల సిద్ధాంతం ఏవీ దీని వెనక లేవు. తర్వాత ఏ దేశంలో చూసినా అడవి బడి చాలాసార్లు ఇలాగే, తల్లిదండ్రుల సంఘంగానే మొదలైంది.

స్వీడన్ తీరు వేరు. 1892లో ఏర్పడిన ఫ్రిలుఫ్ట్స్‌ఫ్రామ్‌యాండెట్ అనే బహిరంగ విహారాల సంఘంలో పనిచేసిన యోస్తా ఫ్రోమ్ 1957లో స్కూగ్స్‌ముల్లె అనే అడవి మనిషి పాత్రను సృష్టించాడు. భూర్జపత్రపు టోపీ, వెనక తోక, మనిషికీ జంతువుకూ మధ్య రకం. చెత్త వేస్తే అడవికి నొప్పి పుడుతుందని పిల్లలకు చెప్పే ఈ పాత్రకు నీళ్ల కోసం లాక్సె, కొండల కోసం ఫ్యాల్‌ఫీనా, కాలుష్యం లేని లోకం కోసం నోవా అనే తోడు పాత్రలు వచ్చాయి. స్వీడన్‌లో తరతరాల పిల్లలు ముల్లె బళ్లకు వెళ్లి పెరిగారు. సివ్ లిండె, సుసాన్ డ్రూగె అనే ఉపాధ్యాయినులు ఆ పనిని వారాంతం నుంచి రోజువారీ బడికి తెచ్చారు. స్టాక్‌హోమ్ పక్కనున్న లిడింగొ దీవిలో 1985లో వాళ్లు తెరిచిన ముల్లెబోరి, ఎండావానా లెక్కచేయని బడుల వరసలో మొదటిది.

జర్మనీలో 1968లోనే ఉర్సులా జూబె వీస్‌బాడెన్‌లో అడవి బడి పెట్టింది. అయినా పాతికేళ్ల పాటు దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. 1993లో డెన్మార్క్ సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఫ్లెన్స్‌బుర్గ్‌లో కెర్స్టిన్ యెబ్‌సెన్, పెట్రా యేగర్ అనే ఇద్దరు డేనిష్ బడులను అధ్యయనం చేసి వచ్చి తెరిచిన బడికి ప్రభుత్వ గుర్తింపు దొరికింది. గుర్తింపు అంటే నిధులు. ఆ తలుపు తెరుచుకున్నాక ఊరూరా సంఘాలు పుట్టుకొచ్చాయి, 2000లో వాటికి జాతీయ సమాఖ్య ఏర్పడింది. అదే 1993లో ఇంగ్లండ్‌లోని సోమర్‌సెట్ నుంచి బ్రిడ్జ్‌వాటర్ కళాశాల బృందం డెన్మార్క్ వెళ్లి చూసొచ్చి తమ నర్సరీలో ఆ పద్ధతి మొదలుపెట్టింది. బ్రిటన్‌లో అడవి బడుల ఉద్యమానికి మూలం ఆ ప్రయాణమే.

ఆటలో ఏం నేర్చుకుంటారు

అడవి బడిలో పిల్లల చేతికి తయారైన బొమ్మ ఇవ్వరు. పుల్లలు, రాళ్లు, కాయలు, నాచు, బురద, తాడు ముక్క ఉంటాయి. అటూ ఇటూ జరపగల, విడదీసి మళ్లీ కలపగల ఇలాంటి వస్తువులు ఎన్ని ఎక్కువ ఉంటే పిల్లల ఊహకు అంత పని దొరుకుతుందని బ్రిటిష్ శిల్పి సైమన్ నికల్సన్ 1971లో ఒక వ్యాసంలో ప్రతిపాదించాడు. ఆటస్థలాలు కట్టేవాళ్లకు ఆ ఆలోచన ఇప్పటికీ ఆధారం.

దీని ఫలితం ముందు మాటల్లో కనిపిస్తుంది. ప్లాస్టిక్ ఫోను చూడగానే ఫోనని తెలుస్తుంది, ఎవరికీ చెప్పక్కర్లేదు. పుల్ల అలా కాదు. అది చేపల గాలమని ఒకడనుకుంటే, పక్కవాడికి చెప్పాలి, ఒప్పించాలి. వాడు గరిటె అంటే వాడితో తేల్చుకోవాలి. బురద, ఆకులు, కాయలతో వంట సాగుతున్నప్పుడు కూరలో ఏముందో చెప్పకపోతే తినేవాడు ఉండడు. అలా వస్తువు ఇవ్వని అర్థాన్ని మాటతో పూడ్చుకోవాల్సి రావడంతో ఆ పిల్లలు ఆపకుండా మాట్లాడతారు.

శరీరం నేర్చుకునేది ఇంకా ఎక్కువ. గాలికి పడిపోయిన పెద్ద బీచ్ చెట్టు మాను ఒకటి చాలు. మూడేళ్ల పిల్ల దాని మీద గుర్రం ఎక్కినట్టు కూర్చుని, చేతులు ముందుకు వేసి కొంచెం కొంచెం జరుగుతుంది. నాలుగేళ్లవాడు నాలుగు కాళ్ల మీద పోతాడు. ఐదేళ్లది లేచి నిలబడి, చేతులు చాచి నడుస్తుంది. రాత్రి వాన పడి బెరడు జారుతుంటే ఆ ఐదేళ్లదే మళ్లీ కూర్చుని జరుగుతుంది. ఎప్పుడు నిలబడాలో, ఎప్పుడు కూర్చోవాలో దానికి ఎవరూ చెప్పలేదు. చదును నేల మీద, ఒకే ఎత్తు మెట్ల మీద పెరిగిన కాళ్లకు ఈ తెలివి రాదు.

ఇక్కడ పెద్దవాళ్లు పాటించే నియమం ఒకటుంది: పిల్లవాడు తనంతట ఎక్కలేని చెట్టు మీదికి వాణ్ని ఎత్తి కూర్చోబెట్టరు. తానుగా ఎక్కినవాడికి కొమ్మ ఎంత బరువు ఆపుతుందో, కాలు ఎక్కడ ఆనిందో ఒంటికి గుర్తుంటుంది, దిగేటప్పుడు అదే పనికొస్తుంది. ఎత్తి కూర్చోబెట్టినవాడికి ఆ గుర్తు ఉండదు. చూసేవాళ్లకు ఇది కఠినంగా అనిపించవచ్చు. చెట్టు కింద చేతులు జేబులో పెట్టుకుని, కళ్లు మాత్రం పిల్లవాడి మీదే ఉంచి నిలబడటం ఉపాధ్యాయ శిక్షణలో అన్నిటికంటే కష్టమైన భాగం. అడవి బడి గొప్పతనం చెట్లలో ఎంత ఉందో ఈ నిగ్రహంలోనూ అంతే ఉంది.

చాకుతో చెక్కడం చాలా బడుల్లో నాలుగైదేళ్లకే మొదలవుతుంది. కూర్చునే చెక్కాలి. చాకు ఒంటికి దూరంగా కదలాలి. చెయ్యి చాచి తిప్పితే ఎవరికీ తగలనంత ఎడం ఉండాలి. పని అయిపోగానే చాకు ఒరలోకి పోవాలి. ఈ నాలుగూ తప్పనివాళ్లకే చాకు. పచ్చి పుల్ల తొక్క తీయడంతో మొదలై, ఏడాది తిరిగేసరికి కొందరు గరిటె ఆకారం దాకా వస్తారు. నిజమైన పనిముట్టు చేతికిచ్చి నమ్మితే ఐదేళ్ల పిల్లలు ఎంత నెమ్మదిగా, ఎంత శ్రద్ధగా పనిచేస్తారో చూసినవాళ్లు వాళ్లకు మళ్లీ ప్లాస్టిక్ చాకు ఇవ్వరు.

అపాయమూ జాగ్రత్తా

నార్వే పరిశోధకురాలు ఎలెన్ సాండ్‌సెటర్ 2007లో పిల్లల సాహసపు ఆటల్ని ఆరు రకాలుగా విడదీసింది: ఎత్తులు ఎక్కడం, వేగంగా పోవడం, ప్రమాదకరమైన పనిముట్లు వాడటం, నీళ్లు, నిప్పుల్లాంటి వాటికి దగ్గరగా ఆడటం, కుస్తీ పట్టడం, పెద్దవాళ్ల కళ్లకు కనబడకుండా పోవడం. వీటిని వెతుక్కోవడం పిల్లల సహజ గుణమని, కొద్దికొద్దిగా భయాన్ని చవిచూసే పిల్లలు భయాన్ని అదుపు చేసుకోవడం నేర్చుకుంటారని ఆమె వాదన. మన కోతికొమ్మచ్చిలో ఈ ఆరింటిలో రెండు మూడు ఒకేసారి ఉన్నాయి. కొమ్మ మీద నుంచి దూకి, పుల్ల అందుకుని, పట్టుబడకుండా మళ్లీ చెట్టెక్కిన తరం తెలుగు ఊళ్లలో ఇంకా ఉంది.

అడవి బడి అపాయాలు ఎక్కువగా కంటికి ఆననివి. మధ్య యూరపులో పిడుదుల బెడద పెద్దది. గడ్డిలోంచి ఒంటికి పట్టే ఈ చిన్న పురుగులు లైమ్ వ్యాధిని, కొన్నిచోట్ల మెదడువాపును మోసుకొస్తాయి. అందుకే వేసవిలోనూ నిండు చేతుల చొక్కాలు, మేజోళ్లలోకి దోపిన ప్యాంట్లు. ఇంటికి రాగానే తల్లిదండ్రులు పిల్లల చంకలు, మోకాళ్ల వెనక, చెవుల వెనక, జుట్టులో వెతకాలి. మెదడువాపుకు టీకా ఉంది. అడవి పండ్లు, పుట్టగొడుగులు నోట్లో పెట్టకూడదన్నది మొదటి రోజు నుంచే చెప్పే మాట. పెనుగాలి హెచ్చరిక వస్తే అడవిలోకి వెళ్లరు. విరిగి పడే ఎండు కొమ్మ ఏ జంతువు కంటే పెద్ద ప్రమాదం. అందుకే బడి వాడే చోట చెట్లను ఎప్పటికప్పుడు పరీక్షిస్తారు.

పెద్దవాళ్ల సంఖ్య ఇక్కడ కీలకం. జర్మనీలో పదిహేను నుంచి ఇరవై మంది పిల్లలకు కనీసం ఇద్దరు పెద్దలు. స్కాట్లండ్‌లో మూడేళ్లు దాటిన ఎనిమిది మందికి ఒకరు, రెండేళ్ల వయసు ఐదుగురికి ఒకరు, అంతకంటే చిన్నవాళ్లయితే ముగ్గురికి ఒకరు ఉండాలన్నది అక్కడి నర్సరీలన్నిటికీ వర్తించే నిబంధన.

పరిశోధనలు చెప్పేది

నార్వేలో ఇంగున్ ఫ్యోర్టాఫ్ట్ 2001లో ప్రచురించిన అధ్యయనంలో ఐదు నుంచి ఏడేళ్ల పిల్లలు తొమ్మిది నెలలపాటు రోజూ గంట, రెండు గంటలు బడి పక్క అడవిలో ఆడారు. మామూలు ఆటస్థలంలో ఆడినవాళ్లతో పోలిస్తే వాళ్లకు ఒంటి నిలకడ, కాళ్లూ చేతుల సమన్వయం బాగా మెరుగుపడ్డాయి. జర్మనీలో పీటర్ హాఫ్నర్ 2002లో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత గ్రంథం ఒకటో తరగతిలో చేరిన పిల్లల్ని ఉపాధ్యాయుల చేత అంచనా వేయించింది. శ్రద్ధ, క్లాసులో పాల్గొనడం, తోటివారితో మెలగడం లాంటి వాటిలో అడవి బడి పిల్లలు ముందున్నారు. వేళ్లతో చేసే సున్నితమైన పనుల్లో మాత్రం మామూలు బడి పిల్లలది కాస్త పైచేయి. దీన్ని పట్టించుకుని ఇప్పుడు చాలా అడవి బడులు కత్తిరింపు, చెక్కడం, అల్లిక, బొమ్మలు గీయడం లాంటి పనులు చేర్చుకున్నాయి.

ఫిన్లాండ్‌లో జరిగిన ప్రయోగం ఇంకా ఆశ్చర్యకరం. 2020లో వెలువడిన ఆ అధ్యయనంలో నగర శిశుసంరక్షణ కేంద్రాల కంకర ముంగిళ్లలో అడవి నేల పొరను, పచ్చికను తెచ్చి పరిచారు. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలు అక్కడ రోజూ మట్టి తవ్వి, మొక్కలు నాటి ఆడుకున్నారు. 28 రోజుల్లోనే వాళ్ల చర్మం మీది సూక్ష్మజీవుల్లో వైవిధ్యం పెరిగింది, రోగనిరోధక వ్యవస్థను అదుపులో ఉంచే రక్త సూచికలు మెరుగయ్యాయి. మట్టిలో ఆడనివ్వడం ఆరోగ్యానికి మంచిదని పెద్దలు అనుభవంతో చెప్పే మాటకు ప్రయోగశాల సాక్ష్యం దొరికింది.

కంటి చూపు సంగతి అడవికే పరిమితం కాదు గానీ ఇక్కడ చెప్పి తీరాలి. చైనాలోని గ్వాంగ్‌జౌలో 12 ప్రాథమిక పాఠశాలల్లో ఒకటో తరగతి పిల్లల మీద జరిగిన ప్రయోగం ఫలితాలు 2015లో వచ్చాయి. సగం బడుల్లో రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపించారు. మూడేళ్లకు ఆ పిల్లల్లో 30.4 శాతం మందికి కొత్తగా హ్రస్వదృష్టి వస్తే, మిగతా బడుల్లో 39.5 శాతం మందికి వచ్చింది. చిన్నవయసులోనే కళ్లద్దాలు పెరిగిపోతున్న మన నగరాల్లో ఈ లెక్క ప్రతి తల్లీతండ్రీ తెలుసుకోవాల్సినది.

వీటిని చదివేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోవాలి. అడవి బడిని ఎంచుకునేది ఎక్కువగా చదువుకున్న, తీరిక ఉన్న కుటుంబాలు. బడి వల్ల వచ్చిన మేలును, ఇంటి వల్ల వచ్చిన మేలును విడదీయడం హాఫ్నర్ చేసినలాంటి పోలికల్లో కష్టం. ఫిన్లాండ్, గ్వాంగ్‌జౌ అధ్యయనాల బలం అక్కడే ఉంది: వాటిలో పిల్లల కుటుంబాలు ఏ పద్ధతినీ ఎంచుకోలేదు, మారింది ముంగిలి, మారింది బడి వేళ.

అడవిలో అడుగుపెట్టే హక్కు

ఈ బడులు ఉత్తర యూరపులోనే ఎందుకు పుట్టాయన్నదానికి అక్కడి జనం చలిని ఇష్టపడతారన్న జవాబు చాలదు. భూమి చట్టాలు కూడా చూడాలి. నార్వేలో 1957 నాటి చట్టం, స్వీడన్‌లో 1994 నుంచి రాజ్యాంగంలోనే ఉన్న ప్రజల హక్కు, ఎవరి అడవిలోనైనా హాని చేయకుండా తిరగడానికి అందరికీ అనుమతిస్తాయి. జర్మనీలో 1975 సమాఖ్య అటవీ చట్టం విశ్రాంతి కోసం అడవిలో నడవడాన్ని హక్కుగా గుర్తించింది. బడి నడపాలంటే మాత్రం యజమానితోనూ, అటవీ శాఖతోనూ ఒప్పందం కావాలి. స్కాట్లండ్ 2003 భూసంస్కరణల చట్టంతో అలాంటి హక్కునే ఇచ్చింది. ఇంగ్లండ్‌లో అంత విస్తారమైన హక్కు లేదు. అక్కడ రోజువారీ అడవి బడుల కంటే వారానికో పూట పద్ధతే ఎక్కువగా నిలదొక్కుకోవడానికి అదీ ఒక కారణమని నా అభిప్రాయం.

స్కాట్లండ్ ఈ విషయంలో ప్రభుత్వమే ముందుకొచ్చిన దేశం. ఫైఫ్ ప్రాంతంలో కేథీ బాష్ అనే సంరక్షకురాలు ఊరి పిల్లల్ని అడవికి తీసుకెళ్తూ వచ్చి, 2008లో పూర్తి ఆరుబయటి నర్సరీ నడిపే స్థాయికి తెచ్చింది. నర్సరీలను తనిఖీ చేసే సంస్థ 2016లో ఆరుబయటి ఆటను మెచ్చుకుంటూ ప్రత్యేక మార్గదర్శిని ప్రచురించింది. తనిఖీ చేసేవాళ్లే బయటికి పొమ్మంటే నడిపేవాళ్లకు ధైర్యం వస్తుంది. 2021 ఆగస్టు నుంచి మూడు, నాలుగేళ్ల పిల్లలకు ఏడాదికి 1,140 గంటల ఉచిత సంరక్షణ అమలవుతోంది. ఆ గంటలు ఆరుబయటి నర్సరీలోనూ వాడుకోవచ్చు.

అమెరికాలో భవనం లేని బడికి లైసెన్సు ఎలా ఇవ్వాలన్నదే చిక్కు. వాషింగ్టన్ రాష్ట్రం 2017లో ప్రయోగాత్మక పథకం మొదలుపెట్టి, 2021లో చట్టంతో దాన్ని శాశ్వతం చేసింది. దక్షిణ కొరియాలో అటవీ శాఖే పిల్లల అడవి అనుభవ కేంద్రాలు నడుపుతుంది, అటవీ విద్య ప్రోత్సాహానికి 2011లో చట్టం చేశారు. జపాన్‌లో నగానో, తొత్తొరి రాష్ట్రాలు 2015లో సొంత గుర్తింపు పద్ధతులు పెట్టుకున్నాయి. 2019లో దేశమంతటా శిశువిద్య ఉచితం చేసినప్పుడు మాత్రం గుర్తింపు లేని అడవి బడులు చాలావరకు ఆ సాయానికి దూరమయ్యాయి.

విమర్శలు

ఒంటిపూట బడి ఇద్దరూ ఉద్యోగం చేసే ఇంటికి పనికిరాదు. జర్మనీలో వలస కుటుంబాల పిల్లలు ఈ బడుల్లో తక్కువగా కనిపించడానికి బట్టల ఖర్చు, వేళలు, పిల్ల తడిసి జబ్బు పడుతుందన్న భయం అన్నీ కారణాలే. జర్మనీ, స్వీడన్‌లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఈ చివరి భయం కొత్త కాదు. ఇంట్లో వానలో తడవొద్దన్న మాట వింటూ పెరిగిన తల్లి, బడిలో వానలో ఆడమంటే వెంటనే ఒప్పుకోలేదు. చక్రాల కుర్చీలో ఉండే పిల్లలకు వేళ్లు తేలిన అడవి బాట ఇప్పటికీ అడ్డంకే, దీనికి సరైన జవాబు చెప్పిన బడులు తక్కువ. అడవికీ నష్టముంది. రోజూ ఇరవై జతల కాళ్లు తొక్కితే నేల గట్టిపడుతుంది, మొలకలు చస్తాయి. చోట్లు మార్చుకుంటూ, తొక్కిన చోటికి విశ్రాంతి ఇవ్వడం మంచి బడి లక్షణం.

భారతదేశంలో

శాంతినికేతన్‌లో రవీంద్రనాథ్ ఠాకూర్ 1901లో కొద్దిమంది పిల్లలతో ప్రారంభించిన బడిలో పాఠాలు చెట్ల కిందే సాగాయి. అయితే అవి పెద్ద పిల్లలవి. చిన్నపిల్లల విషయంలో అడవి బడికి దగ్గరి చుట్టం మహారాష్ట్రలో పుట్టింది. తారాబాయి మోదక్ 1945లో ఠాణా జిల్లా బోర్డీలో గ్రామీణ శిశువిద్యా కేంద్రం పెట్టి, ఇళ్ల ముంగిళ్లలోనే పిల్లల్ని కూర్చోబెట్టి బడి నడిపింది. తర్వాత కోస్బాడ్ కొండ మీద తన శిష్యురాలు అనుతాయి వాఘ్‌తో కలిసి వార్లీ ఆదివాసీ పిల్లల మధ్య పనిచేసింది. పశువులు కాసే పిల్లలు బడికి రాలేకపోతే బడినే పచ్చికబయళ్లకు తీసుకెళ్లింది. ఆకులు, గింజలు, గులకరాళ్లే అక్కడ లెక్కలకూ భాషకూ పరికరాలు. యూరపులో అడవి బడి ఇళ్లలో మగ్గిపోతున్న పిల్లల్ని బయటికి తెచ్చింది. తారాబాయి, బయటే బతుకుతున్న పిల్లల దగ్గరికి చదువును తెచ్చింది. ఈ పని యూరపు ప్రయోగాల పక్కన సమానంగా నిలబెట్టి చెప్పుకోదగ్గది.

1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం అంగన్‌వాడీ పేరును, ముంగిలి బడి ఆలోచనను దేశమంతా తీసుకెళ్లింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు చాలా ఊళ్లలో మొదటి బడి ఇదే. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును పునాది దశగా గుర్తించి ఆట ద్వారా చదువు చెప్పాలంది.

మన దగ్గర రిజర్వు అడవిలోకి పిల్లల్ని రోజూ తీసుకెళ్లడం కుదరదు. అటవీ చట్టాల కింద అక్కడ అనుమతి లేని ప్రవేశం నేరం. ఊరి మామిడితోట, చెరువు గట్టు, బడి ఆవరణలో వేపచెట్టు కిందైతే కుదురుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున తొమ్మిదిలోపే ముగించాలి. వానాకాలంలో పొదల్లోకి వెళ్లే ముందు కర్రతో తట్టి చూడాలి. యూరపులో పిడుదు ఎంతో ఇక్కడ పాము అంత. ఇవన్నీ పాటించదగ్గ జాగ్రత్తలే. కష్టమల్లా మనుషుల దగ్గర వస్తుంది. అంగన్‌వాడీకి ఒక కార్యకర్త, ఒక సహాయకురాలు. సహాయకురాలు పొయ్యి దగ్గర ఉంటే, కార్యకర్త రిజిస్టర్లు రాయాలి, బాలింతల్ని చూడాలి, పిల్లల బరువు తూచాలి. ఇరవై మంది పిల్లల్ని చెట్ల మధ్య వదిలి గంటన్నర కళ్లు తిప్పకుండా నిలబడటానికి ఇంకో మనిషి కావాలి. తారాబాయి కాలం నుంచి ఈ దేశంలో ఆరుబయటి బడి ఆలోచన తెలిసినవాళ్లు ఉన్నారు, చెట్లూ ఉన్నాయి. అంగన్‌వాడీ లెక్కల్లో ఆ మూడో మనిషికి జీతం ఇంకా లేదు.